పార్క్ స్కేట్‌బోర్డింగ్‌ను నమ్ముకోవచ్చా? అనంతపురం తల్లికి ఒక కోచ్ సమాధానం

ప్రశ్న: "మాది అనంతపురం. మా పాపకు పదకొండేళ్లు, ఆరో తరగతి. నాలుగేళ్లు రోలర్ స్కేటింగ్ చేసింది, జిల్లా పోటీల్లో మెడల్స్ వచ్చాయి. పారిస్ ఒలింపిక్స్‌లో అమ్మాయిల పార్క్ ఫైనల్ చూసిన దగ్గర్నుంచి స్కేట్‌బోర్డు తప్ప వేరే ధ్యాస లేదు. మా ఊళ్లో బౌల్ (స్కేటింగ్ చేసే కాంక్రీటు గుంట) లేదు, కాలనీ సిమెంటు రోడ్డు మీదే చేస్తుంది. బెంగళూరులో ఒక అకాడమీ వాళ్లు వీడియో చూసి, కాపురం ఇక్కడికి మార్చండి, స్కూలు మాన్పించి ఓపెన్ స్కూల్లో చేర్చండి, 2028 ఒలింపిక్స్‌కు తయారు చేస్తాం అన్నారు. ఫీజు ఏడాదికి లక్షల్లో ఉంది. మా ఆయన వద్దే వద్దంటున్నారు. పాప రోజూ ఏడుస్తోంది. ఇది కెరీర్ అవుతుందా? ఏం చేయాలి?"

అక్కా, ముందు సూటిగా చెప్పేస్తాను, వివరం తర్వాత. కాపురం మార్చొద్దు. స్కూలు మాన్పించొద్దు. అలాగని పాప చేతిలోంచి బోర్డు లాక్కోవద్దు కూడా. ఆ అకాడమీకి కట్టమంటున్న డబ్బులో కొంత పెట్టి మీ దగ్గరే ఒక చిన్న ర్యాంప్ కట్టించండి. నెలకు రెండుసార్లు బౌల్ ఉన్న చోటికి తీసుకెళ్లండి. రెండేళ్లు అలా గడిచాక పెద్ద నిర్ణయం గురించి ఆలోచించండి. ఈ ఆటలో పిల్లలు పైకి వచ్చేది బౌల్‌లో గడిపిన గంటల వల్లే. ఆ గంటలు తక్కువ ఖర్చులో, చదువు చెడకుండా, ఒళ్లు పాడవకుండా ఎలా దొరుకుతాయన్నదే ఇప్పుడు మీరు చూసుకోవాల్సింది.

నేను కర్నూలులో పుట్టి పెరిగినవాణ్ని. ఉద్యోగానికని బెంగళూరు వెళ్లి అక్కడ బోర్డు పట్టుకున్నాను. చాలా ఏళ్లుగా పిల్లలకు బౌల్‌లో నేర్పుతున్నాను, చిన్న పోటీలకు జడ్జిగా కూర్చుంటాను. సీమ నుంచి ఇలాంటి ప్రశ్నతో వచ్చే తల్లిదండ్రులు ఈమధ్య ఎక్కువయ్యారు. అందుకే కొంచెం పెద్దగానే రాస్తున్నాను.

ఒలింపిక్స్‌లో స్కేట్‌బోర్డింగ్ రెండు రకాలు. స్ట్రీట్‌లో మెట్లు, రైలింగులు, అరుగులు ఉంటాయి, వాటి మీద ట్రిక్కులు చేస్తారు. పార్క్‌లో ఉండేది బౌల్. 1970ల్లో కాలిఫోర్నియాలో కరువొచ్చి ఇళ్లలో స్విమ్మింగ్ పూల్స్ ఎండిపోతే, కుర్రాళ్లు వాటిలో దిగి గోడల మీదికి బోర్డు ఎక్కించడం మొదలుపెట్టారు. ఇప్పటి బౌల్‌కు మూలం అదే. నున్నటి కాంక్రీటు గుంట, వంపు తిరిగిన గోడలు, అంచున కోపింగ్ అనే గుండ్రటి పైపు. కొన్నిచోట్ల మూడు మీటర్లు దాటి లోతుంటుంది. పాప ఇప్పుడు కాలనీ రోడ్డు మీద వేస్తున్న ఆలీ, అంటే బోర్డుతో పాటు గాలిలోకి ఎగరడం, స్ట్రీట్‌కు పునాది. పార్క్‌కు కూడా పనికొస్తుంది కానీ, పార్క్ అసలు విద్య అది కాదు.

అసలు విద్య పేరు పంపింగ్. బౌల్‌లోకి దిగాక కాలితో నేలను తోసే పని దాదాపు ఉండదు. వేగమంతా మోకాళ్లలోంచి రావాలి. గోడ వంపు మొదలయ్యేటప్పటికి మోకాళ్లు వంచి కిందికి కూర్చోవాలి, వంపు మీద పైకి వెళ్తూ ఒళ్లు లేపాలి. తిరిగి దిగేటప్పుడు మళ్లీ అదే వరుస. ఉయ్యాల మీద నిలబడి ఊగేవాళ్లు సరిగ్గా ఇదే చేస్తారు, ఎవరూ తోయకపోయినా ఉయ్యాల ఎత్తుకు వెళ్తుంది. ఏ క్షణంలో లేవాలో ఒంటికి తెలియాలి, చెబితే వచ్చేది కాదు. లేవడం కొంచెం ముందయినా, కొంచెం ఆలస్యమయినా వేగం చచ్చిపోతుంది. నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో ఇది త్వరగా పట్టుబడినవాళ్లు తర్వాత ఏ ట్రిక్కయినా నేర్చుకున్నారు. ట్రిక్కుల మీద ఆత్రంతో దీన్ని దాటేసినవాళ్లు ఎక్కడో ఒకచోట ఆగిపోయారు.

ఇక్కడ రోలర్ స్కేటింగ్ సంగతి చెప్పాలి. నాలుగేళ్ల సాధన వృథా కాలేదు. చక్రాల మీద భయం లేకపోవడం, పడి లేవడం, ఉదయాన్నే లేచి ప్రాక్టీసుకు వెళ్లే అలవాటు, ఇవన్నీ పెద్ద ఆస్తి. కానీ రోలర్ స్కేట్స్ మీద మనిషి ఎదురుగా చూస్తూ నిలబడతాడు, బోర్డు మీద పక్కకు నిలబడాలి. రోలర్ పిల్లలు బోర్డెక్కితే నడుము పక్కకు ఉన్నా భుజాలు ముందుకు తిప్పేస్తారు. దాంతో ముందు కాలు మడమ మీద బరువు పడి బోర్డు తనంతట తనే ఒక పక్కకు తిరిగిపోతుంది. పాప వీడియో తీసి చూడండి, నేరుగా వెళ్లాల్సిన చోట మెల్లగా పక్కకు కోస్తోంటే కారణం అదే. ఇప్పుడే సరిచేస్తే వారాల్లో పోతుంది, మూడేళ్ల తర్వాతయితే చాలా కష్టం.

ఇప్పుడు ఆ 2028 మాట. ఇది మీకు బాగా అర్థం కావాలి. పారిస్‌లో పార్క్‌లో అమ్మాయిలకు 22 చోట్లు, అబ్బాయిలకు 22 చోట్లు. ఒక్కో విభాగంలో ఒక దేశం నుంచి ముగ్గురికి మించి వెళ్లకూడదు. ఆ చోట్ల కోసం స్కేటింగ్ ఆటల అంతర్జాతీయ సంఘం వరల్డ్ స్కేట్ నడిపే అంతర్జాతీయ పోటీల్లో పాయింట్లు సంపాదించి, చివరికి 2024లో షాంఘై, బుడాపెస్ట్‌లలో జరిగిన క్వాలిఫయర్ సిరీస్‌లో నెగ్గుకురావాలి. పారిస్ వరకు మన దేశం నుంచి స్కేట్‌బోర్డింగ్‌లో ఒక్కరు కూడా ఒలింపిక్స్‌కు అర్హత సాధించలేదు. ఇంకా బౌల్‌లోకి దిగని పదకొండేళ్ల పిల్లకు 2028 చూపించి ఫీజు అడగడం తప్పు. పాపలో సత్తా లేదని నేను అనడం లేదు. లెక్క అలా ఉంది.

మీరు టీవీలో చూసింది 2024 ఆగస్టు 6న జరిగిన ఫైనల్. ఆస్ట్రేలియా అమ్మాయి అరిసా ట్రూ 14 ఏళ్లకు స్వర్ణం గెలిచింది, 93.18. జపాన్ అమ్మాయి కొకొనా హిరాకి 92.63తో రజతం, బ్రిటన్ అమ్మాయి స్కై బ్రౌన్ 92.31తో కాంస్యం. ముగ్గురి మధ్య ఒక్క పాయింటు కూడా తేడా లేదు. ఈ వయసులు చూసి చాలామంది తల్లిదండ్రులకు టెన్షన్ పట్టుకుంటుంది, మా పిల్లకు అప్పుడే ఆలస్యమైపోయిందేమో అని. హిరాకి టోక్యోలో రజతం గెలిచినప్పుడు 12 ఏళ్లది, నిజమే. కానీ అదే పారిస్‌లో పురుషుల పార్క్‌లో బ్రిటన్ తరఫున ఆండీ మెక్‌డొనాల్డ్ 51 ఏళ్ల వయసులో దిగాడు. టోక్యోలో అమ్మాయిల స్వర్ణం గెలిచిన సకురా యొసొజుమికి అప్పుడు 19. చిన్న ఒళ్లు గాలిలో సులువుగా తిరుగుతుంది కాబట్టి అమ్మాయిల విభాగంలో చిన్నవాళ్లు ముందున్నారు. అంతమాత్రాన పదహారు దాటితే తలుపులు మూసుకుపోతాయని కాదు.

ఆ స్థాయికి వెళ్లాలంటే కావాల్సింది, మీ పాపకు లేనిది ఒకటే. ఇంటి నుంచి కాసేపట్లో వెళ్లగలిగేంత దూరంలో ఒక ర్యాంపో, బౌలో. హిరాకిది టోక్యో కాదు, హొక్కైడోలోని తొమకొమాయ్. అంటే మహానగరంలో పుట్టాల్సిన పని లేదు. ర్యాంప్ దగ్గరలో ఉండాలి, రోజూ దాని మీదికి వెళ్లాలి.

అందుకే ర్యాంప్ కట్టమంటున్నాను. ఆస్తులమ్ముకోనక్కర్లేదు. అడుగుల్లో చెప్తాను, వడ్రంగికి అదే సులువు. ఎత్తు 3 అడుగులు, వంపు వ్యాసార్ధం 6 అడుగులు. ఎదురెదురుగా రెండు వంపులు, మధ్యలో కనీసం 8 అడుగుల సమతలం, రెండు చివరలా నిలబడటానికి మూడేసి అడుగుల వేదిక. మొత్తం పొడవు 25 అడుగులు దాకా వస్తుంది. వెడల్పు 8 అడుగులు చాలు, 12 అయితే ఇంకా మంచిది. పక్క ఫ్రేములు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో కోయించండి. వాటి మధ్య అడ్డ కర్రలు ఎనిమిది అంగుళాలకొకటి ఉండాలి, దూరం పెంచితే పైన ప్లైవుడ్ కుంగుతుంది. పైన మందపాటి షీట్ వంగదు కాబట్టి సన్నటి షీట్లు రెండు పొరలుగా, అతుకులు ఒకదాని మీద ఒకటి రాకుండా వేయాలి. నీళ్లకు తట్టుకునే రకమే తీసుకోండి. కోపింగ్‌కు రెండంగుళాల ఇనుప పైపు సరిపోతుంది. అది ప్లైవుడ్ కంటే సుమారు సెంటీమీటరు పైకి, సెంటీమీటరు లోపలికి పొడుచుకొచ్చి ఉండాలి. ఇక్కడే మన వడ్రంగులు అందంగా ఉంటుందని పైపును నున్నగా కలిపేస్తారు. కలిపేస్తే ట్రక్కు (బోర్డు కింద చక్రాలను పట్టి ఉంచే ఇనుప ఇరుసు) పట్టుకోవడానికి ఏమీ ఉండదు, గ్రైండ్, అంటే పైపు మీద ట్రక్కులతో రాసుకుంటూ జారడం, నేర్చుకోవడం కుదరదు. పక్కన నిలబడి కొలిపించండి. స్క్రూ తలలు ప్లైవుడ్‌లోకి దిగాలి, ఒక్కటి పైకి ఉన్నా చక్రం ఆగి పిల్ల ముందుకు పడుతుంది.

సిమెంటుతో మేస్త్రీ చేత కట్టిద్దామని మీ ఆయన అనొచ్చు, వద్దు. వంపును సమంగా, నున్నగా తేవడం మామూలు మేస్త్రీకి అలవాటు లేని పని. ఒక్క చోట గుంట పడినా మొత్తం పగలగొట్టాలి. ఇంకో మాట, మన ఇళ్లలో వరండాకు, పెరడుకు కడప బండలు గానీ, బేతంచెర్ల బండలు గానీ వేస్తాం. వాటి మీద పాప ప్రాక్టీస్ చేస్తుంటే ఆపండి. పాలిష్ బండ మీద సన్నటి దుమ్ము పడితే గట్టి చక్రం సబ్బు మీద కాలేసినట్టే జారుతుంది. బండల మధ్య సందుల్లో చక్రం పడితే ఒక్కసారిగా ఆగుతుంది. మణికట్లు విరిగేది అలాంటి చోటే.

బోర్డు విషయం ఎక్కువ చెప్పను. బొమ్మల కొట్లో దొరికేవి, పొట్టి ప్లాస్టిక్ బోర్డులు వద్దు. పాప సైజుకు ఏడున్నర నుంచి ఏడుముప్పావు అంగుళాల వెడల్పు డెక్ (బోర్డు చెక్క) సరిపోతుంది, ఎదిగాక ఎనిమిది దాటొచ్చు. ర్యాంప్ మీదికి 54 నుంచి 56 మిల్లీమీటర్ల గట్టి చక్రాలు. రోడ్డు మీదికి మెత్తటి చక్రాలు ఇంకో సెట్ ఉంచుకుంటే మంచిది, మార్చడం పాపకు నేర్పించండి. బూట్లకు అడుగు చదునుగా ఉండాలి, రన్నింగ్ షూ మడమ ఎత్తు వల్ల బోర్డు కాలికి తెలియదు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, పడటం. బౌల్‌కు వచ్చిన పిల్లకు నేను మొదట నేర్పేది మోకాళ్ల మీద జారడం. గట్టి ప్లాస్టిక్ చిప్ప ఉన్న మోకాలి ప్యాడ్లు కట్టుకుని, ర్యాంప్ సగం ఎత్తు నుంచి బోర్డు లేకుండా పరుగెత్తి రెండు మోకాళ్ల మీద వాలి కిందికి జారాలి. చేతులు దగ్గరగా, వేళ్లు ముడిచి ఉండాలి. ఇది ఒంటికి అలవాటైతే గాలిలో ఏదైనా తేడా వచ్చినా మోకాళ్లే ముందు నేలను వెతుక్కుంటాయి. అలవాటు లేని పిల్ల చెయ్యి ఆనిస్తుంది, మణికట్టు పోతుంది. రోలర్ స్కేటింగ్‌కు వాడిన పల్చటి ప్యాడ్లు దీనికి పనికిరావు. హెల్మెట్ స్కేట్‌బోర్డింగ్‌కు పరీక్షించినదై ఉండాలి, దాని మీద ఎఫ్ 1492 అని గానీ, ఈ.ఎన్. 1078 అని గానీ ఉంటుంది. బండి హెల్మెట్ వద్దు, బరువుకు మెడ లాగుతుంది.

డ్రాప్ ఇన్, అంటే పై అంచు నుంచి బోర్డు మీద ర్యాంప్‌లోకి దిగడం, గురించి వేరుగా చెప్పాలి, ఎందుకంటే పాప ర్యాంప్ చూడగానే మొదట చేయాలనుకునేది అదే. బోర్డు తోకను కోపింగ్ మీద ఆనించి, వెనక కాలు దాని మీద నొక్కి పెట్టి నిలబడతారు. ముందు చక్రాలు గాలిలో ఉంటాయి. ముందు కాలు ముందు ట్రక్కు బోల్టుల మీద పెట్టి, ఛాతీని ఆ మోకాలి మీదికి తెస్తూ గట్టిగా కిందికి తొక్కాలి. సగం ధైర్యంతో చేస్తే ప్రమాదం. కిందికి చూడగానే ఒళ్లు తనంతట తనే వెనక్కి వాలుతుంది, బోర్డు ముందుకు దూసుకుపోతుంది, తల వెనక భాగం ప్లైవుడ్‌కు కొట్టుకుంటుంది. అందుకని మొదటి రోజుల్లో మీరో, వాళ్ల నాన్నో ఎదురుగా నిలబడి రెండు చేతులూ పట్టుకోండి. చేతుల మీద బరువు వేయకుండా, ఊరికే తాకుతూ దిగేదాకా వదలొద్దు. తలకు దెబ్బ తగిలితే ఆ రోజు ఆట బంద్, డాక్టరుకు చూపించాల్సిందే, ఆయన సరేనన్నాకే మళ్లీ బోర్డు. "ఏం కాలేదు నాన్నా, లే" అని ఊరడించి మళ్లీ ఎక్కించే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

స్కై బ్రౌన్ కథ పాపకు చెప్పండి, రెండు వైపులా చెప్పండి. 2020లో ర్యాంప్ మీంచి పడి ఆ పిల్లకు పుర్రె ఎముకలు చిట్లాయి, ఎడమ చెయ్యి విరిగింది. మరుసటి ఏడాది టోక్యోలో 13 ఏళ్లకు కాంస్యం తెచ్చుకుంది. పారిస్‌కు ముందు మోకాలి లిగమెంట్ దెబ్బతింది, పారిస్‌లోనే భుజం జారింది, అయినా మళ్లీ కాంస్యం. ధైర్యానికి చేతులెత్తి మొక్కాలి. కానీ పుర్రె చిట్లిన రోజు హెల్మెట్ లేకపోతే ఏమయ్యేదో కూడా ఆలోచించాలి కదా. ఆమెకు వెనక వైద్యులు, ఫిజియోలు ఉన్నారు. మన పిల్లలకు ఆ వసతి ఇంకా లేదు కాబట్టి మనం ఇంకా జాగ్రత్తగా నడవాలి.

పదకొండు నుంచి పద్నాలుగు లోపల ఇంకొకటి జరుగుతుంది, ఎవరూ ముందుగా చెప్పరు. పాప ఒక్కసారిగా పొడుగవుతుంది. కాళ్లు పెరుగుతాయి, బరువు నిలిచే చోటు మారుతుంది, నిన్నటిదాకా కళ్లు మూసుకుని చేసిన ట్రిక్కులు పోతాయి. మోకాలి చిప్ప కింద నొప్పి అంటుంది. నా దగ్గర ఒకమ్మాయి సరిగ్గా ఇలాగే ఒక వేసవిలో అన్నీ పోగొట్టుకుని "నాకిక రాదు సార్" అని బోర్డు పక్కన పెట్టేసింది. ఆర్నెల్లు ఎత్తు దూకుళ్లు ఆపి పంపింగ్, కార్వింగ్ (గోడల మీద వాలుతూ మలుపులు తిరగడం) మాత్రమే చేయించాం. ఒళ్లు కుదురుకున్నాక పాతవన్నీ తిరిగొచ్చాయి, ఇంకా బలంగా వచ్చాయి. ఆ ఆర్నెల్లలో పిల్లను తిట్టినా, వేరే పిల్లతో పోల్చినా ఆటకు దూరమైపోతుంది. ఏడాది ఫీజు ముందే కట్టించుకున్న అకాడమీలు ఆ సమయంలో ఓపిక పట్టవు, ఫలితం చూపించాలన్న తొందర వాళ్లది.

స్కూలు సంగతి. మధ్యప్రదేశ్‌లో పన్నా జిల్లాలో జన్వార్ అనే చిన్న ఊరుంది. 2015లో ఉల్రికె రైన్‌హార్ట్ అనే జర్మన్ మహిళ అక్కడ కాంక్రీటు స్కేట్ పార్కు కట్టించింది. ఆ పార్కులో రెండు నియమాలు: బడికి వెళ్లకపోతే స్కేటింగ్ లేదు, అమ్మాయిలకే ముందు అవకాశం. ఆ ఊరి నుంచి ఆశా గోండ్ 2018లో చైనాలోని నాన్‌జింగ్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో దేశం తరఫున ఆడింది. బడిని వదిలిపెట్టి కాదు, బడిని షరతుగా పెట్టిన చోటి నుంచే వెళ్లింది. మీకు ఓపెన్ స్కూలు అన్నవాళ్లకు ఈ ఒక్క మాట చెప్పండి. పార్క్ సాధన పిల్లలకు రోజుకు గంటన్నర, రెండు గంటలకు మించి చేయకూడదు కూడా, కాళ్లు అలిసిపోయాకే దెబ్బలు తగులుతాయి. మరి మిగతా రోజంతా స్కూలు మాన్పించి ఏం చేయిస్తారు?

మన ఎండలకు ఎలాగూ పగలు కుదరదు. మార్చి నుంచి జూన్ దాకా ఉదయం ఎనిమిదిన్నర దాటితే ప్లైవుడ్ మీద చెయ్యి పెట్టలేం. ఆరు నుంచి ఏడున్నర వరకు చేసుకుని స్నానం చేసి స్కూలుకు వెళ్లిపోవచ్చు. జూన్, జూలైలో అనంతపురం గాలి మీకు తెలిసిందే, ర్యాంప్ నిండా ఇసుక పోస్తుంది. ముందు ఊడ్చాకే బోర్డెక్కాలి, ఆ ఊడ్చే పని పాపదే. రాత్రిపూట టార్పాలిన్ పట్ట కప్పితే ర్యాంప్ మూడు నాలుగేళ్లు వస్తుంది.

బెంగళూరు మీకు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు, పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరతారు. నెలకు రెండు శని, ఆదివారాలు వెళ్లండి. వెళ్లే ముందే ఆ పార్కులో బౌల్ ఉందా, లోతెంత, హెల్మెట్ లేనివాళ్లను రానిస్తారా అని ఫోన్ చేసి కనుక్కోండి. రోజు లెక్కన కట్టే చోటు చూసుకోండి, ఏడాదికి కట్టేది వద్దు. అక్కడికెళ్లాక పాపను పెద్ద పిల్లల మధ్య వదిలేసి మీరు పక్కన కూర్చోండి. స్కేటర్లు ఒకరినొకరు చూసి నేర్చుకుంటారు, పదహారేళ్ల కుర్రాడు పదేళ్ల పిల్లకు డ్రాప్ ఇన్ చూపించడం ఈ ఆటలో మామూలు. ఈ ఆటలో నాకు అన్నిటికంటే నచ్చేది అదే. పోటీలో కూడా ఎదుటివాడు మంచి ట్రిక్ దించితే బోర్డు తోకను నేలకు కొట్టి మెచ్చుకుంటారు.

పోటీల దారి ఇలా ఉంటుంది. మన దేశంలో స్కేట్‌బోర్డింగ్ రోలర్ స్కేటింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా కిందికి వస్తుంది, అంటే పాపకు ఇప్పటికే తెలిసిన జిల్లా, రాష్ట్ర సంఘాల దారే. 2022లో గుజరాత్‌లో జరిగిన జాతీయ క్రీడల్లో స్కేట్‌బోర్డింగ్ కూడా పెట్టారు. ఆసియా క్రీడల్లో 2018 జకార్తా నుంచి ఉంది. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల పార్క్ పోటీలో ఫిలిప్పీన్స్ నుంచి తొమ్మిదేళ్ల పిల్ల కూడా ఆడింది. ఒలింపిక్స్ కంటే ముందు మనసులో పెట్టుకోవాల్సిన మెట్టు ఇదే. ఇక్కడ జపాన్, చైనా చాలా ముందున్నాయి, కానీ భారత జట్టులో చోటు సంపాదించడమన్నది కష్టపడితే అందే దూరంలో ఉంది.

పోటీలో పరుగు 45 సెకన్లు. మూడు అవకాశాలు, వాటిలో మంచిదే లెక్క. పడితే ఆ పరుగు అక్కడితో సరి. జడ్జిగా కూర్చున్నప్పుడు మేం చూసేది ఒక్క పెద్ద ట్రిక్ కాదు. బౌల్ అన్ని మూలలూ వాడుకుందా, కోపింగ్ మీద, గాలిలో రెండు రకాలూ చేసిందా, ట్రిక్కుకు ట్రిక్కుకు మధ్య వేగం పడిపోయిందా, దిగినప్పుడు చెయ్యి నేలకు తగిలిందా, ఇవన్నీ కలిపి ఒక్క మార్కు వేస్తాం. పిల్లలు యూట్యూబ్‌లో చూసి 540, అంటే గాలిలో ఒకటిన్నర చుట్టు, తిరగాలని తాపత్రయపడతారు. నా దగ్గరి పిల్లలకు నేను ఇంకోటి చెప్తాను: నీకు బాగా వచ్చిన ఎనిమిది ట్రిక్కులు కాగితం మీద వరుసగా రాయి, బౌల్ బొమ్మ గీసి ఏది ఏ గోడ మీదో గుర్తు పెట్టు, ఆ వరుస పడకుండా దించు. ఆ కాగితం చేతిలో ఉన్న పిల్లకు పోటీ రోజున కాళ్లు వణకవు.

డబ్బు విషయం దాచను. విదేశాల్లో పేరున్న స్కేటర్లకు బూట్ల కంపెనీలు, బోర్డుల కంపెనీలు డబ్బిస్తాయి, తమ పేరుతో అమ్మే బోర్డు మీద వాటా వస్తుంది. మన దేశంలో పార్క్ పోటీల బహుమతులతో ఇల్లు గడిచే పరిస్థితి ఇప్పుడు లేదు. ఉన్న దారులు వేరే: కోచింగ్, పార్కుల డిజైన్, కట్టుబడి, వీడియో, ఫొటో పని. పార్కులు కట్టడం తెలిసినవాళ్లు చాలా తక్కువ, ఆ పని బతుకుతెరువవుతుంది. నాకు తెలిసిన కుర్రాళ్లు ఇద్దరు అందులోనే స్థిరపడ్డారు. సివిల్ ఇంజినీరింగ్ చదివిన స్కేటర్‌కు విలువ ఎక్కువ, చదువు వద్దనడానికి ఇది ఇంకో అడ్డు. ప్రభుత్వ ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాలో కేంద్రం జాబితాలో రోలర్ స్కేటింగ్ ఉంది. ఏ స్థాయి సర్టిఫికెట్ చెల్లుతుందో నోటిఫికేషన్‌ను బట్టి మారుతుంది, కాబట్టి పాప ఆడిన ప్రతి పోటీ సర్టిఫికెట్, ఫలితాల కాపీ ఒక ఫైల్లో పెట్టి ఉంచండి. సంఘం గుర్తింపు లేని "ఇంటర్నేషనల్" పోటీలకు ఎంట్రీ ఫీజులు పోయకండి. అవి కోటాకు పనికిరావు, ఆటకూ పనికిరావు.

మన ఊళ్లో ఇవన్నీ ఎక్కడ కుదురుతాయి అనిపిస్తుంది మీకు. అనంతపురంలో టెన్నిస్ అంటే ఎవరైనా నమ్మేవాళ్లా? 2010లో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వాళ్ల దగ్గర టెన్నిస్ ఆటగాడు నాదల్ ఫౌండేషన్ టెన్నిస్ స్కూలు పెట్టింది, పల్లెల పిల్లలు రాకెట్ పట్టుకున్నారు. మీ పాప ర్యాంప్ మీద ఇంకో నలుగురు కాలనీ పిల్లలు చేరనివ్వండి, అమ్మాయిలను ముఖ్యంగా. పదిమంది పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు కలిసి కార్పొరేషన్‌ను ఏదైనా పార్కులో ఒక మూల అడిగితే వినే అవకాశం ఉంటుంది. ఒక్క ఇంటివాళ్లు అడిగితే వినరు.

రెండేళ్ల తర్వాత ఏం చూడాలో చెప్తాను. బౌల్‌లో కాలు కింద పెట్టకుండా 45 సెకన్లూ వేగం తగ్గకుండా తిరగగలగాలి. కోపింగ్ మీద 50-50 గ్రైండ్ (రెండు ట్రక్కులూ పైపు మీద పెట్టి జారడం) ఛాతీ గోడ వైపు ఉంచి ఒకసారి, వీపు గోడ వైపు ఉంచి ఒకసారి, రెండు విధాలా రావాలి. బోర్డు చేత్తో పట్టుకుని గాలిలోకి లేచి దిగగలగాలి. రాష్ట్ర స్థాయి పోటీలో ఒక పరుగైనా పడకుండా పూర్తి చేసి ఉండాలి. వీటికంటే పెద్ద గుర్తు ఒకటుంది: ఆ రెండేళ్లలో ఉదయం మీరు లేపాల్సి వచ్చిందా, తనే లేచి పట్ట తీసిందా? ఇవన్నీ కుదిరితే అప్పుడు బెంగళూరో, విదేశంలో ఒక నెల క్యాంపో కూర్చుని మాట్లాడుకుందాం. అప్పుడు మీ ఆయనకు నేనే ఫోన్ చేసి చెప్తాను. కుదరకపోతే పాపకు చదువు ఉంది, దృఢమైన ఒళ్లుంది, ఇష్టంగా ఆడుకునే ఆట ఉంది, మీకు అప్పు లేదు.

ఈ వారం చేయాల్సింది రెండే పనులు. పాప రోడ్డు మీద వెళ్తుండగా పక్క నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి వీడియో తీసి పంపండి, భుజాల సంగతి చూసి చెప్తాను. వడ్రంగి దగ్గరికెళ్లి పక్క ఫ్రేము వంపును ముందు అట్ట మీద పూర్తి సైజులో గీయించండి. ఒక మేకుకు 6 అడుగుల దారం కట్టి, చివర పెన్సిల్‌తో గీస్తే వంపు సరిగ్గా వస్తుంది. ప్లైవుడ్ కోయక ముందు ఆ అట్ట ఫొటో నాకు చూపించండి.